ఆ ఊరి పిల్లలు అంతేనా?

కందుకూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర విన్న మాట ఇది. నా పక్క విస్తరి ముందు కూర్చున్నాయన నాకు వరసకు బావగారు. కనిగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఎవరో పదో తరగతి ఫలితాల ప్రస్తావన తెచ్చారు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ తాపీగా అన్నారు: "ఆ ఊళ్ల పిల్లలు అంతేనండీ. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తలకాయలు, ఎంత రుద్దినా ఎక్కదు. ఈమధ్య అమెరికా వాళ్లు కూడా తేల్చారట కదా, తెలివి తగ్గుతుందని." చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. ఒకాయన "పాపం" అన్నాడు. తర్వాత మాటలు పొగాకు ధరల మీదికి మళ్లాయి.

ఆయన చెడ్డ మాస్టారేమీ కాదు. బడి వదిలాక కూడా పిల్లలను కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తారని ఆ ఊరివాళ్లే చెబుతారు. అలాంటి మనిషి నోట వచ్చింది కాబట్టే ఆ మాట నన్ను వదల్లేదు. పైగా అందులో సగం నిజం ఉంది. పూర్తి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

కడుపులో పడ్డప్పటి నుంచి నాలుగైదేళ్లు వచ్చేదాకా బిడ్డ ఒంట్లోకి చేరే విషాలు, ఆ ఇంట్లోని భయాలు మెదడు మీద గుర్తులు వేస్తాయి. దీన్ని కాదనడానికి ఇప్పుడు ఎవరికీ వీల్లేదు. అయితే ఈ పరిశోధనలన్నీ కలిసి చేసిన పని ఒకటుంది. తప్పును పిల్లవాడి నెత్తి మీద నుంచి దించి బోరుబావి మీద, పనిచేసే చోటు మీద, ఇంటి పరిస్థితుల మీద పెట్టాయి. మనం వాటిని చదివి, తప్పును మళ్లీ ఆ పిల్లవాడి నెత్తికే చుడుతున్నాం. నా పేచీ అక్కడ.

అమెరికా వాళ్లు తేల్చిందేమిటి?

ముందు బావగారి వార్త చూద్దాం. అమెరికా ప్రభుత్వానికి చెందిన నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ఒక నివేదిక విడుదల చేసింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్నచోట పిల్లల ఐక్యూ తక్కువగా కనబడుతోందని, ఈ నిర్ణయం మీద తమకు ఓ మోస్తరు నమ్మకం ఉందని అందులో రాశారు. అక్కడి గొడవంతా లీటరుకు 0.7 మిల్లీగ్రాముల గురించి. పళ్లు పుచ్చకుండా అమెరికాలో చాలా నగరాల వాళ్లు నీళ్లలో కావాలని కలిపే మోతాదు అది. దాని గురించి ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలవని అదే నివేదిక చెప్పింది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు చాలా బోర్లకు ఆ 1.5 పైమెట్టు కాదు, కింది మెట్టు.

2025 జనవరిలో ఇదే అంశం మీద 74 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. వాటిలో 45 చైనావి, 12 మన దేశానివి. అమెరికాలో జరిగింది ఒక్కటీ లేదు. 74లో 52 అధ్యయనాల ఫలితాలు లోపాల వల్ల పక్కదారి పట్టి ఉండే అవకాశం ఎక్కువని లెక్కగట్టినవారే రాసుకున్నారు. ఎక్కువ భాగం ఒకసారి వెళ్లి, ఈ ఊరి పిల్లలకూ ఆ ఊరి పిల్లలకూ పరీక్ష పెట్టి పోల్చి చూసినవి.

కనిగిరి చుట్టుపక్కల పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ఎరిగినవారికి ఇందులో చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరే వానలు మొహం చాటేసే ఊరు. వానలు లేని ఊరే బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు దారి పట్టే ఊరు. తల్లి ఎక్కడో ఇసుక తట్ట మోస్తుంటే, ఇక్కడ పిల్లవాడికి ఎక్కం రాకపోవడం నీళ్ల వల్లనా, తల్లి దగ్గర లేకపోవడం వల్లనా, రక్తహీనత వల్లనా? పోల్చి చూసే అధ్యయనం ఈ ముడి విప్పలేదు.

కొంత విప్పిన పని మెక్సికోలో జరిగింది. గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచి, ఆ బిడ్డలకు నాలుగేళ్లు వచ్చాక పరీక్ష పెట్టారు. దాదాపు 300 మంది తల్లీబిడ్డల లెక్క అది. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు పెరిగితే బిడ్డ మార్కు సుమారు 3 పాయింట్లు తగ్గిందని 2017లో ప్రకటించారు. దీనికి ఎదురు సాక్ష్యం న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి వచ్చింది. ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు తాగి పెరిగినవారికీ తాగనివారికీ తెలివిలో తేడా కనబడలేదని 2015లో అక్కడివారు రాశారు. కానీ డునెడిన్‌లో కలిపేది కొద్దిపాటి మోతాదు. మన మోతాదుకు ఆ భరోసాను అరువు తెచ్చుకోలేం.

నేనైతే మెదడు విషయంలో అనుమానం గట్టిదే అంటాను. నీళ్లు మార్చడానికి అసలు అంతదాకా వెళ్లనక్కర్లేదు కూడా. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే జబ్బు, గురించి ప్రకటించింది 1937లో. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలోకి (తర్వాత దాని పేరు ప్రకాశం) వెళ్లాయి, జబ్బు కూడా వాటితోపాటే వెళ్లింది. వంగిన నడుములు, గారపట్టిన పళ్లు ఇన్నేళ్లుగా కళ్లెదుటే ఉన్నాయి. అవి చాలలేదు కాబట్టి ఇప్పుడు తెలివితేటల లెక్కలు చూపించుకోవలసి వస్తోంది.

పాలపళ్ల సాక్ష్యం

ఫ్లోరైడ్ దగ్గర తడబడే మాట సీసం (లెడ్) దగ్గర తడబడదు. మన ఇళ్లలో పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేస్తాం. 1970లలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో ఒకటి, రెండు తరగతుల పిల్లల పాలపళ్లు పోగుచేశాడు. రక్తం ఈమధ్య లోపలికి పోయిన సీసం సంగతే చెబుతుంది. పన్ను అలా కాదు, చిన్నప్పటి నుంచి చేరిన సీసాన్ని దాచిపెట్టుకుంటుంది.

ఆయన చేసిన రెండో పనే నాకు ఎక్కువ నచ్చింది. ఏ బిడ్డ పంటిలో ఎంత సీసం ఉందో చెప్పకుండా టీచర్లకు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చాడు. పిల్లవాడికి ధ్యాస నిలుస్తుందా, చెప్పిన పని వరసలో చేస్తాడా, మాటిమాటికీ చిరాకు పడతాడా, ఇలాంటివి. దాదాపు 2,100 మంది పిల్లల కాగితాలు వచ్చాయి. పంటిలో సీసం పెరుగుతున్నకొద్దీ టీచర్ల ఫిర్యాదులు మెట్లు మెట్లుగా పెరిగాయి. ఆ పిల్లలెవరికీ పైకి ఏ జబ్బూ లేదు. "కుదురు లేదు, పరధ్యానం, మాట వినడు" అని మన బడుల్లో రోజూ వినబడే మాటలే అవి. 1979లో ఇది అచ్చయ్యాక సీసం పరిశ్రమ తరఫున నిలబడిన నిపుణులు ఆయన మీద ఆరోపణలు చేశారు. విచారణలు జరిగాయి. మోసమేదీ తేలలేదు.

సీసం ఒంట్లో కాల్షియం వేషం వేస్తుంది. కాల్షియం వెళ్లే దారులన్నిటా వెళ్లి మెదడు కణాల మధ్య కబుర్లు ఆగిపోయేట్టు చేస్తుంది. పెద్దవాళ్లు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, పసిపిల్లలకు సగం దాకా పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న బిడ్డకు ఇంకా ఎక్కువ. అందుకే అంగన్‌వాడీలో పెట్టే గుడ్డు, పాలు నా దృష్టిలో కండ కోసం మాత్రమే కాదు. రక్తంలో ఎంత సీసం ఉంటే జాగ్రత్త పడాలన్న గీత అమెరికాలో 1960లలో డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) 60 మైక్రోగ్రాముల దగ్గర ఉండేది. 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగింది. దించిన ప్రతిసారీ అంతకన్నా కిందే హాని కనబడింది.

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది కాబట్టి పీడ వదిలిందనుకునేవారు చాలామంది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉంది. పెట్రోలు పోయినా పాత బ్యాటరీలు, రంగులు, కల్తీ మసాలాలు ఉన్నాయి.

ఒంగోలులో నేను రోజూ నడిచే దారిలో ఒక పాత బ్యాటరీల దుకాణం ఉంది. అతను గోనెపట్టా పరుచుకుని, సుత్తితో బ్యాటరీ డబ్బా అంచు పగలగొట్టి, లోపలి బూడిదరంగు పలకలను చేత్తోనే లాగి పక్కన పేరుస్తాడు. యాసిడ్ వీధి కాలువలోకి పోతుంది. దుకాణం వెనక గదిలోనే కాపురం. సాయంత్రం భార్య పనిమీద వెళితే రెండేళ్ల కూతురు అతని ఒళ్లోకి చేరుతుంది. ఆ చొక్కా జేబులోంచి తాళాల గుత్తి లాక్కుని నోట్లో పెట్టుకుంటుంది. అతను మురిపెంగా చూస్తుంటాడు. ఇంటికొచ్చాక చొక్కా మార్చి, చేతులు సబ్బుతో కడిగాకే పిల్లను ఎత్తుకోమని ఒకసారి చెప్పాను. "ఇదేమన్నా పురుగుమందా సార్?" అన్నాడు. పురుగుమందుకు భయపడాలని అందరికీ తెలుసు. బూడిదరంగు దుమ్ముకు భయపడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

మేమూ ఆ నీళ్లే తాగాం

ఈ విషయం ఎక్కడ ఎత్తినా ఎదురయ్యే జవాబు ఇదే. "మేమూ ఆ నీళ్లే తాగాం, మాకేమైంది? మా ఊరి నుంచి డాక్టర్లు కాలేదా, ఇంజనీర్లు కాలేదా?" అయ్యారు. అందులో అబద్ధం లేదు. కానీ ఇది ఒక్కో మనిషి మీద కనబడే దెబ్బ కాదు, గుంపు మీద లెక్కలో తేలేది.

ఐక్యూ సగటు 100 అనుకుందాం. మామూలు విస్తరణలో వెయ్యి మందికి 23 మంది 70 కన్నా కింద ఉంటారు, ఇంకో 23 మంది 130 దాటి ఉంటారు. ఊరి సగటు ఒక్క 5 పాయింట్లు జారితే కింద ఉన్నవారు 23 నుంచి 48కి చేరతారు. పైనున్నవారు 23 నుంచి 10కి పడిపోతారు. ఆ 10 మంది పెళ్లిళ్లలో కనబడి "మాకేమైంది" అంటారు. తాము కాగలిగి కూడా కాలేకపోయిన 13 మంది ఎవరన్నది ఊళ్లో ఎవరికీ తెలియదు, ఆ 13 మందికీ తెలియదు.

ఐక్యూ అనే కొలత మీద నాకు పెద్ద గౌరవం లేదని ఇక్కడే చెప్పేస్తాను. మేకల మందలో ఒక్కటి తగ్గినా దూరం నుంచే పసిగట్టే పిల్లవాడికి ఆ పరీక్షలో ఏ మార్కూ రాదు. అయినా అదే కొలబద్దతో అటూ ఇటూ కొలిచినప్పుడు ఒకవైపు మాత్రమే తగ్గితే, కొలబద్ద వంకరదన్న సాకు చెల్లదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు

విషాల మాట ఒకరు, ఒత్తిడి మాట ఇంకొకరు మాట్లాడతారు. నీళ్లు ఒక శాఖ, పిల్లలు ఇంకో శాఖ, సారా మూడో శాఖ. బిడ్డ మెదడులో మాత్రం ఇవన్నీ ఒకే చోట కలుస్తాయి. అమెరికాలోని రోచెస్టర్‌లో డెబోరా కోరీ-స్లెక్టా ఎలుకల మీద చేసిన పని ఇందుకు నాకు కళ్లు తెరిపించింది. చూడి ఎలుకలకు కొన్నిటికి కాస్త సీసం, కొన్నిటికి కాస్త ఒత్తిడి, కొన్నిటికి రెండూ ఇచ్చారు. విడివిడిగా ఇచ్చినప్పుడు కనబడని మార్పులు కొన్ని రెండూ కలిసినప్పుడు పిల్లల్లో బయటపడ్డాయి. భయానికి స్పందించి కార్టిసాల్ లాంటి హార్మోన్లను వదిలే వ్యవస్థ, ధ్యాసను, ఉత్సాహాన్ని నడిపే డోపమైన్ అనే రసాయనం మెదడులో వెళ్లే దారులు, ఈ రెంటి మీదా సీసం, ఒత్తిడి రెండూ దెబ్బ వేస్తాయి. ఇందాక పోల్చి చూసే అధ్యయనాలు విప్పలేవన్న ముడి, సీసం విషయంలో, ప్రయోగశాలలో కొంత విడిపోయింది. నీళ్లా, ఇల్లా అన్న ప్రశ్నే సగం తప్పని అది చెప్పింది.

వెలిగండ్ల వైపు ఒక ఇంట్లో విషం, ఒత్తిడి రెండూ కలిసి కనబడ్డాయి. అవ్వ దగ్గర ఇద్దరు పిల్లలు. కొడుకూ కోడలూ హైదరాబాదులో బేల్దారి పని. పెద్దవాడు సైకిలు వెనక ఇరవై లీటర్ల క్యాను కట్టుకుని ప్లాంటు నుంచి నీళ్లు తెస్తాడు. మంచినీళ్లు తాగుతున్నారు కదా, పరవాలేదనుకున్నాను. ఆవిడ అన్నం ఎసరు పెట్టింది బోరు నీళ్లతో. అడిగితే, "తాగేదానికే క్యాను నాయనా. కూడూ పప్పూ కూడా దాంతోనే అంటే ఎక్కడ సాగుతుంది?" అంది. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఆ నీరంతా అన్నం మెతుకుల్లోకి చేరుతుంది. చిన్నపిల్ల మూడేళ్లది. ఫోను మోగితే పరిగెత్తుకొచ్చి, అవతల తల్లి కాదని తెలియగానే ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఈ పిల్లకు రేపు బడిలో ఎక్కం రాకపోతే ఏ పద్దులో రాస్తాం?

ఒత్తిడి సంగతిలో కూడా అతి చేయడం నాకు గిట్టదు. పరీక్ష తప్పినా, అత్త కసిరినా మనసుకు గాయమని వీడియోలు చేసే కాలమిది. హార్వర్డ్‌కు చెందిన జాక్ షాంకాఫ్ ఇక్కడ ఒక గీత గీశాడు. కష్టం వచ్చినంత మాత్రాన మెదడు చెడదు. కష్టం రోజుల తరబడి సాగుతూ, పక్కన ధైర్యం చెప్పే పెద్దమనిషి ఒక్కరూ లేనప్పుడే అది విషంగా మారుతుంది. "మా నాన్న బెల్టుతో కొట్టినా నేను బాగుపడ్డాను" అనేవారిని కదిపి చూడండి, ఆ కథలో ఎక్కడో ఒక అమ్మమ్మో మేనమామో ఉంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తాన్ని సమర్థించుకున్నాం గానీ, ఆ మొక్క పాదులో ఏ నీళ్లు పోస్తున్నామో చూసుకోలేదు.

అమెరికాలోని శాన్‌డియాగోలో 9,500 మందికి పైగా పెద్దవాళ్లను వారి బాల్యం గురించి అడిగి చేసిన ఒక అధ్యయనం 1998లో అచ్చయింది. కొట్టడం, తిట్టడం, ఇంట్లో తాగుబోతు ఉండటం, తల్లి దెబ్బలు తినడం, ఇలాంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక తాగుడు, కుంగుబాటు, గుండెజబ్బు అంత ఎక్కువగా ఉన్నాయి. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. దాన్ని మద్యపాన వ్యతిరేక పోరాటమనీ, స్త్రీల పోరాటమనీ అంటారు. పిల్లల మెదళ్ల కోసం మన ప్రాంతంలో జరిగిన అతి పెద్ద ప్రయత్నం కూడా అదేనని నేనంటాను. ఆ తర్వాత ప్రభుత్వాలు ఏం చేశాయన్నది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

కొత్త జాతకం రాయొద్దు

మళ్లీ "అంతేనండీ" దగ్గరికి. దెబ్బ తగిలాక తిరిగి రాదా? ఇక్కడ రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. అమెరికాలో సీసం ఎక్కువున్న 780 మంది చిన్నపిల్లలకు సగం మందికి దాన్ని బయటకు లాగే మందు ఇచ్చి, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది. పరీక్షల్లో మార్కులు మాత్రం పెరగలేదని 2001లో తేలింది. అంటే మందు చేతిలో లేదు, ముందే ఆపడం ఒక్కటే దారి.

రెండోది, సీసం తిన్న తల్లుల ఎలుక పిల్లలను పాలు మరిచాక రెండు రకాల బోనుల్లో పెంచారు. ఒకటి ఖాళీ బోను. రెండోదాంట్లో తోటి ఎలుకలు, ఎక్కడానికీ దూరడానికీ వస్తువులు. రెండో బోనులో పెరిగినవి నేర్చుకోవడంలో చాలా వరకు కోలుకున్నాయి. 2003లో అచ్చయిన పని ఇది. ఎలుకలే కదా అంటారు. రుమేనియాలో బుకారెస్ట్ అనాథాలయాల నుంచి 136 మంది పసివాళ్లను తీసుకుని, చీట్లు వేసి సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్లకు అనాథాలయంలో ఉన్నవారి సగటు ఐక్యూ 73. ఇళ్లకు వెళ్లినవారిది 81. సొంత ఇంట్లో పుట్టి పెరిగినవారిది 109. ఎంత చిన్న వయసులో ఇల్లు దొరికితే అంత బాగా కోలుకున్నారు.

81 అంటే 109 కాదు, ఒప్పుకుంటాను. కానీ 73 కూడా కాదు. ఆ తేడా అంతా మందుతోనో మాత్రతోనో రాలేదు, మనుషులతో వచ్చింది. ఫ్లోరైడ్ ఊరి బడిలో మాస్టారి ఒక్కో పాఠం విలువ పట్నం బడిలో కన్నా ఎక్కువని దీని అర్థం. అక్కడే మాస్టారు చేతులెత్తేస్తే ఆ పిల్లలకు రెండో బోను కూడా మూసుకుపోతుంది. గుంపు సగటు చూసి ముందు బెంచీలోని ఒక పిల్లవాడి తెలివి చెప్పడం శాస్త్రం కాదు. పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి జాతకం చెప్పడం అది.

ఎవరి గడువు ఎంత

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం వెనకనుంచి ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాల ద్వారా కృష్ణ నీళ్లు ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లోని కరువు మండలాలకు రావాలి. ఆ రోజు పుట్టిన బిడ్డకు ఇప్పుడు బడికి వెళ్లే బిడ్డ ఉండే వయసు. ప్రాజెక్టు గడువు పొడిగించవచ్చు. కడుపులోని తొమ్మిది నెలలకూ, ఆ తర్వాతి రెండు మూడేళ్లకూ పొడిగింపు లేదు. కృష్ణ వచ్చేదాకా ఈ కాన్పుల సంగతేమిటన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

దానికి జవాబు పెద్ద ఖర్చుది కూడా కాదు. ఇంట్లో ఉన్నది ఒక్క క్యానే అయితే గర్భిణికీ, మూడేళ్ల లోపు బిడ్డకూ వండే అన్నం దానితో వండాలి. పెద్దవాళ్లు కావాలంటే బోరు నీళ్లు తాగవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. అంగన్‌వాడీ గోడ మీద పిల్లల బరువుల పట్టిక ఉంటుంది. దాని పక్కనే అక్కడ వండే నీటిలో ఫ్లోరైడ్ ఎంతో పెయింటుతో రాసి పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షించి మార్చాలి. ఇరవై మంది పిల్లలున్న కేంద్రంలో తాగడానికీ వండటానికీ కలిపి రోజుకు మూడు క్యాన్లు మించవు. క్యాను పది రూపాయలు. ఆ ముప్పై రూపాయలు ఏ పద్దు కింద రాయాలో తెలియక బోరు నీళ్లే వాడుతున్నానని ఒక కార్యకర్త నాతో చెప్పింది. వచ్చే గ్రామసభలో ముందు ఆ పద్దు గురించి అడగాలి.